పాత టీవీ ఉపగ్రహాలను ఎందుకు జరుపుతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో డిష్‌లు బిగించడం, కేబుల్ ఆపరేటర్లకు పెద్ద యాంటెన్నాలు నిలబెట్టడం ఇరవై ఏళ్లకు పైగా నా పని. మేడ మీద నేను నట్లు బిగిస్తూంటే ఇంటాయన కుర్చీ వేసుకుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెడతారు. ఫలానా ఉపగ్రహాన్ని వేరే స్థానానికి తరలిస్తున్నారని పేపర్లో వస్తే ఆ వారమంతా ఫోన్లే. అడిగేవారు మారుతున్నారు గాని సందేహాలు అవే. అందుకే అడిగినవారి మాటల్లోనే ప్రశ్నలు రాసి, దేనికది విడిగా అర్థమయ్యేలా జవాబులు ఇస్తున్నాను. ఎక్కడి నుంచైనా చదవండి.

## స్థానం, దాని మీద హక్కు

ఆకాశం అంత విశాలం కదా, ఉపగ్రహానికి చోటు కరువేమిటి?

టీవీ ఉపగ్రహాలకు ఆకాశమంతా పనికిరాదు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక్క వలయమే పనికొస్తుంది. అక్కడ తిరిగే ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మన మేడ మీది డిష్‌కు కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. ఆ వలయంలో ఒక్క డిగ్రీ అంటే దాదాపు 736 కిలోమీటర్లు. ఇనుము ఇనుముకు తగులుతుందన్న భయం అక్కడ తక్కువే. తగిలేవి తరంగాలు. ఇంటి మీద పెట్టే 60 సెంటీమీటర్ల డిష్ చూపు సుమారు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది. పక్కపక్కనే రెండు ఉపగ్రహాలు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే ప్రాంతానికి ప్రసారం చేస్తే ఆ డిష్‌కు రెండూ కలిసిపోయి వినిపిస్తాయి, ఒకే గదిలో రెండు పెళ్లి మేళాలు వాయించినట్టు. అందుకే మధ్య ఎడం కావాలి, అందుకే చోటు కరువు.

మన విశాఖ నెత్తిన ఏ స్థానం ఉంది?

సరిగ్గా నెత్తిన ఏదీ ఉండదు, మనం భూమధ్యరేఖకు 17.7 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాం. కానీ మన రేఖాంశం 83.3 డిగ్రీల తూర్పు. భారత్ వాడుకుంటున్న ముఖ్య స్థానాల్లో ఒకటి 83 డిగ్రీలు. అంటే విశాఖ వాళ్లకు ఆ స్థానం నిటారుగా దక్షిణాన, దిగంతం నుంచి 69 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఇక్కడ ఆ స్థానానికి డిష్ బిగించడమంత సులువైన పని మరొకటి లేదు. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ గొట్టం నీడ చూసుకుంటే దిక్కు దొరికేస్తుంది, దిక్సూచి అక్కర్లేదు. డీడీ ఫ్రీడిష్ వచ్చే 93.5 డిగ్రీల స్థానానికైతే డిష్‌ను ఆగ్నేయం వైపు, అంటే దాదాపు సముద్రం వైపు తిప్పాలి.

ఈ స్థానాలను ఎవరు ఇస్తారు? డబ్బు పెట్టి కొనుక్కోవచ్చా?

జెనీవాలో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఉంది. టెలిగ్రాఫ్ తీగల రోజుల్లో, 1865లో పుట్టిన సంస్థ. అందరూ ఐటీయూ అంటారు. ఏ స్థానం నుంచి ఏ ఫ్రీక్వెన్సీలు వాడుతారో చెబుతూ దానికి దరఖాస్తు పెట్టేది దేశ ప్రభుత్వాలే, కంపెనీలు నేరుగా పెట్టలేవు. మన తరఫున ఆ పని కేంద్ర టెలికాం శాఖ చేస్తుంది. స్థానం ఎవరి సొత్తూ కాదు, వాడుకునే హక్కు మాత్రమే. 1976లో భూమధ్యరేఖ మీది ఎనిమిది దేశాలు బొగోటాలో సమావేశమై తమ నెత్తిమీది వలయం తమదేనని ప్రకటించాయి. మిగతా ప్రపంచం ఒప్పుకోలేదు.

సొత్తు కాకపోయినా వ్యాపారం మాత్రం నడుస్తుంది. పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం టోంగా 1980ల చివర్లో 16 స్థానాలకు దరఖాస్తు పెట్టింది. సొంత ఉపగ్రహం ఒక్కటీ లేదు. పెద్ద గొడవే అయి చివరికి ఆరింటికి ఒప్పుకుంది. వాటిని అద్దెకు ఇవ్వడమే ఉద్దేశం.

ఒకసారి వచ్చిన హక్కు ఎలా పోతుంది?

రెండు రకాలుగా. మొదటిది, దరఖాస్తు పెట్టిన నాటి నుంచి ఏడేళ్లలో ఆ స్థానంలో ఉపగ్రహం పనిచేయడం మొదలుకావాలి. కాకపోతే దరఖాస్తు రద్దు. రెండోది, పనిచేస్తున్న ఉపగ్రహం చెడిపోయిందనుకోండి, లేదా తీసేశారనుకోండి. ఆ విషయం ఐటీయూకు చెప్పి వాడకాన్ని తాత్కాలికంగా ఆపుకోవచ్చు. గడువు గరిష్ఠంగా మూడేళ్లు. 2012 దాకా అది రెండేళ్లే ఉండేది. ఈలోగా మరో ఉపగ్రహం అక్కడికి చేరకపోతే ప్రపంచ ఫ్రీక్వెన్సీ రిజిస్టరు నుంచి ఆ పద్దు కొట్టేస్తారు. చెప్పకుండా ఆరు నెలలు దాటిస్తే ఆ ఆలస్యం కూడా మూడేళ్లలోంచి కోత పడుతుంది.

పోతే పోనివ్వక, స్థానం కోసం ఇంత తాపత్రయం ఎందుకు?

దాని విలువ మన మేడల మీద ఉంది. 83 డిగ్రీల స్థానాన్నే తీసుకోండి. అక్కడ 2005 చివర్లో ప్రయోగించిన ఇన్సాట్-4ఏ ఉండేది. తర్వాత 2012 నాటి జీశాట్-10, 2022 నాటి జీశాట్-24 వచ్చాయి. మధురవాడలోనో గాజువాకలోనో ఇంటి మీద అటువైపు తిప్పి ఉన్న డిష్‌ను ఇన్ని మార్పుల్లోనూ ఎవరూ ముట్టుకోలేదు. స్థానం మారితే దేశమంతటా లక్షల డిష్‌లకు నిచ్చెన వేయాలి. ఆ ఖర్చు ఎంతో నిచ్చెన మోసేవాళ్లకు బాగా తెలుసు.

## పాతదాన్ని పంపాలన్న నిర్ణయం

కొత్త ఉపగ్రహం పంపక, ముసలిదాన్ని ఎందుకు పంపుతారు?

కొత్తది తయారు కావడానికే రెండు మూడేళ్లు పడుతుంది. రాకెట్ వరుసలో నిలబడాలి, ఒక్కోసారి రాకెట్ విఫలమవుతుంది. స్థానం మీద హక్కు పోయే గడువు తేదీ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అప్పుడు ఆపరేటర్ తన దగ్గరున్న పాత ఉపగ్రహాల్లో పని తగ్గిపోయినదాన్ని చూసి అక్కడికి జరుపుతాడు.

పండగ రోజుల్లో ద్వారకా బస్ స్టేషన్‌లో శ్రీకాకుళం బస్సు ప్లాట్‌ఫారం మీదికి రాకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టేవారిని చూశారు కదా. ముసలి ఉపగ్రహం ఆ కర్చీఫ్. తేడా ఒక్కటే, బస్సులో కర్చీఫ్ తీసిపారేసి కూర్చునే మొండివాళ్లుంటారు. ఇక్కడ ఆ కర్చీఫ్‌కు నియమాల బలం ఉంది.

ఎన్నాళ్లు అక్కడ ఉంచితే చాలు?

తొంభై రోజులు, మధ్యలో విరామం లేకుండా. ఆ తొంభై రోజులూ ప్రకటించిన ఫ్రీక్వెన్సీలలో ప్రసారం చేయగల, లేదా అందుకోగల సామర్థ్యం ఉన్న ఉపగ్రహం ఆ స్థానంలోనే నిలవాలి. ఆ తొంభై రోజులు ముగిశాక 30 రోజుల్లోగా ప్రభుత్వం ఐటీయూకు తెలపాలి. ఈ నియమం 2012లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో వచ్చింది. అంతకుముందు ఎన్ని రోజులుంటే వాడినట్టో నియమాల్లో స్పష్టత లేదు. నాలుగు రోజులు ఆగి వెళ్లిపోయినా వాడినట్టే అని వాదించేవారు.

నియమంలో "సామర్థ్యం" అన్న మాటను గమనించండి. తొంభై రోజులూ కార్యక్రమాలు ప్రసారం చేయాలని, ఎవరో ఒకరు చూడాలని లేదు.

అయితే ఒకే పాత ఉపగ్రహాన్ని తొంభై రోజులకొక చోట తిప్పి నాలుగు స్థానాలు కాపాడుకోవచ్చుగా?

ఈ ప్రశ్న అడిగినవారు ఎప్పుడూ లెక్కల మాస్టార్లే. అలా తిప్పినవారు ఉన్నారు కాబట్టే 2015 సదస్సులో ఒక తీర్మానం చేశారు. ఏదైనా స్థానాన్ని వాడకంలోకి తెచ్చామని చెప్పేటప్పుడు, అదే ఉపగ్రహాన్ని గత మూడేళ్లలో ఇంకెక్కడైనా ఇదే పనికి వాడారా, వాడితే ఎక్కడ, ఎప్పుడు వదిలారు అన్నది కూడా ప్రభుత్వం చెప్పాలి. నిషేధం మాత్రం లేదు, వివరాలు బయటపెట్టమన్నారంతే. నా ఉద్దేశంలో ఇది సగం మందు. అయినా పేరు పది మందిలో పడుతుందన్న జంకుతో కొందరైనా తగ్గుతారు.

ఏ పాత ఉపగ్రహమైనా పనికొస్తుందా?

రాదు. దరఖాస్తులో రాసిన ఫ్రీక్వెన్సీలు ఆ ఉపగ్రహంలో ఉండాలి. సీ, కేయూ బ్యాండ్లంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీ శ్రేణులు, కాబట్టి సీ బ్యాండ్ మాత్రమే ఉన్నదాన్ని తీసుకెళ్లి కేయూ బ్యాండ్ హక్కును నిలబెట్టలేరు. ప్రయాణానికి, అక్కడ నిలబడటానికి, చివరికి శ్మశాన కక్ష్యకు, అంటే పని ముగిసినవాటిని వదిలేసే పై కక్ష్యకు, ఎక్కడానికి ఇంధనం మిగలాలి. సౌర ఫలకాలు, బ్యాటరీలు కాస్త బలహీనపడ్డా పరవాలేదు, అన్ని ట్రాన్స్‌పాండర్లూ (సిగ్నల్ అందుకుని తిరిగి భూమికి పంపే పరికరాలు) వెలిగించాల్సిన పని ఉండదు కాబట్టి.

నిజంగా ఇలా జరిగిన సందర్భాలు ఉన్నాయా, లేక ఊహా?

ఉన్నాయి. అమెరికా డీటీహెచ్ సేవల కోసం 2000లో ప్రయోగించిన ఎకోస్టార్-6ను 2013లో పశ్చిమ రేఖాంశం 96.2 డిగ్రీలకు జరిపారు. అది బెర్ముడా దీవి కోసం ఉద్దేశించిన స్థానం. పదమూడేళ్ల ఉపగ్రహం బెర్ముడాశాట్-1 అని కొత్త పేరు పెట్టుకుని అక్కడ నిలబడింది.

మన దేశంలో దీనికి దగ్గరి కథ ఒకటి ఉంది, స్థానం మీద హక్కు కోసం కాదు గాని సేవ ఆగకుండా ఉండటం కోసం. 1997 జూన్‌లో ప్రయోగించిన ఇన్సాట్-2డీ విద్యుత్ లోపంతో ఆ అక్టోబరులోనే చేతికి రాకుండా పోయింది. కొత్తది కట్టే వ్యవధి లేదు. అప్పుడు భారత్ అరబ్‌శాట్-1సీ అనే ఐదేళ్ల వాడిన ఉపగ్రహాన్ని తీసుకుని, 55 డిగ్రీల తూర్పు స్థానానికి తెప్పించుకుని, ఇన్సాట్-2డీటీ అని పేరు పెట్టింది. సెకండ్ హ్యాండ్ బండి అయినా 2004 దాకా నడిచింది.

ఇదంతా చట్టం కళ్లకు గంతలు కట్టడమే కదా?

కొంతవరకు అవును. ఇన్సాట్-2డీటీ లాంటి సందర్భాన్ని నేను ఏ మాత్రం తప్పుపట్టను. అక్కడ చూసేవారున్నారు, సేవ ఉంది. కొత్త ఉపగ్రహం నిజంగా తయారవుతూ, ఏడాది ఆలస్యమైందని పాతదాన్ని కాపలా పెట్టినా అర్థముంది. కొత్తది కట్టే ఉద్దేశమే లేకుండా, రేపు ఎవరికైనా అద్దెకు ఇవ్వవచ్చని చోటు పట్టి ఉంచడం వేరు. వరుసలో వెనకున్న దేశం ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. ఆ బాధకు కొంత మందుగానే టీవీ ప్రసారాల కోసం ఒక భాగాన్ని 1977లోనే దేశాలవారీగా పంచిపెట్టారు. మన ప్రాంతానికి ఆ పంపకాన్ని 2000లో ఇస్తాంబుల్ సదస్సులో తిరగరాశారు.

## ప్రయాణం

అంత పెద్ద ఉపగ్రహాన్ని పక్కకు ఎలా తోస్తారు?

పక్కకు తోయరు. తూర్పుకు జరగాలంటే కక్ష్యను కాస్త కిందికి దించుతారు. కింద ఉన్నది వేగంగా తిరుగుతుంది కాబట్టి భూమిని మించి తూర్పుకు జారుతుంది. పడమరకు జరగాలంటే కాస్త పైకి ఎక్కిస్తారు, వెనకబడి పడమరకు జారుతుంది. సుమారు 78 కిలోమీటర్లు ఎక్కినా దిగినా రోజుకు ఒక డిగ్రీ చొప్పున కదులుతుంది. చేరాల్సిన చోటు దగ్గరకు రాగానే మళ్లీ పాత ఎత్తుకు తెచ్చి ఆపుతారు. మన ఉపగ్రహాలకైతే ఈ ఆదేశాలు కర్ణాటకలోని హసన్, మధ్యప్రదేశ్‌లోని భోపాల్ నియంత్రణ కేంద్రాల నుంచి వెళ్తాయి.

దూరం పెరిగితే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. బయలుదేరేటప్పుడు ఒక తోపు, ఆగేటప్పుడు ఒక తోపు. మధ్యలో అదంతట అదే జారుతుంది. పది డిగ్రీలైనా నలభై డిగ్రీలైనా ఖర్చు దాదాపు ఒకటే. ఖర్చు పెంచేది తొందర. రోజుకు ఒక డిగ్రీ చొప్పున వెళ్లడానికి, ఆగడానికి కలిపి సెకనుకు ఆరు మీటర్ల లోపు వేగ మార్పు చాలు. రోజుకు మూడు డిగ్రీలంటే దానికి మూడింతలు. పోల్చి చూడండి: ఉపగ్రహం ఉత్తర దక్షిణాలకు ఊగకుండా పట్టి ఉంచడానికే ఏడాదికి సెకనుకు దాదాపు 50 మీటర్ల వేగ మార్పుకు సరిపడా ఇంధనం కాలుతుంది. నెమ్మదిగా చేసే ప్రయాణం ఖరీదు నెలా పదిహేను రోజుల మామూలు జీవితమే. గడువు దగ్గరపడేదాకా మేల్కోని ఆపరేటర్ మాత్రం ఎక్కువ చెల్లించుకుంటాడు.

ఇంధనం ఎంత మిగిలిందో కచ్చితంగా తెలుస్తుందా?

తెలియదు. ఇంట్లో గ్యాస్ సిలిండరును పైకెత్తి కదిపి చూసి ఇంకో వారం వస్తుందని మా అమ్మ చెప్పేది, చాలాసార్లు నిజమయ్యేది. అక్కడ బరువే లేదు, ఎత్తి చూడటానికి. ట్యాంకులో పీడనం, ఉష్ణోగ్రత చూసి లెక్క కడతారు. పుట్టినప్పటి నుంచి చిన్న రాకెట్లను ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు మండించారో పద్దు రాసుకుంటారు. ఈ రెండు లెక్కల మధ్య తేడా నెలల ఆయుష్షుకు సమానం కావచ్చు. ముసలి ఉపగ్రహాన్ని తరలించడంలో అసలు జూదం ఇదే.

దారిలో ఉన్న మిగతా ఉపగ్రహాలను గుద్దుకోదా?

ఎత్తు పదుల కిలోమీటర్ల తేడాలో ఉంటుంది కాబట్టి మామూలుగా పైనుంచో కిందనుంచో దాటిపోతుంది. దారిలో ఉన్న ఆపరేటర్లందరికీ ముందే చెబుతారు. భయమంతా మధ్యదారిలో మొరాయిస్తేనే. 1997లో ప్రయోగించిన ఎకోస్టార్-3ను 2017లో, ఇరవై ఏళ్ల వయసులో, మరో స్థానానికి జరుపుతూండగా జులై చివర్లో లోపం తలెత్తి మాట వినడం మానేసింది. కొన్నాళ్లకు సంబంధం దొరికి, శ్మశాన కక్ష్యకు చేర్చగలిగారు.

గెలాక్సీ-15 కథ మరోలా ఉంది. దాన్ని ఎవరూ తరలించలేదు. 2010 ఏప్రిల్‌లో ఆదేశాలు వినడం మానేసి, ట్రాన్స్‌పాండర్లు వెలుగుతుండగానే కొట్టుకుపోయింది. దారిలో ఉన్నవారంతా దాని తరంగాల నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. డిసెంబరులో గాని చేతికి చిక్కలేదు. ఊరేగింపులో తప్పతాగినవాడు మైకు పట్టుకున్నట్టు ఎనిమిది నెలలు గడిచాయి.

ప్రయాణంలో ఉండగా దాని మీది చానళ్లు వస్తాయా?

రావు. ట్రాన్స్‌పాండర్లు ఆపేసి, నియంత్రణ కేంద్రంతో మాట్లాడే తరంగాలు మాత్రం ఉంచుతారు. చానళ్లను ముందే వేరే ఉపగ్రహానికి మార్చేసి ఉంటారు.

## చేరిన తర్వాత, మన మేడ మీద

మా డిష్ మళ్లీ తిప్పించుకోవాలా?

మీ చానళ్లు ఉన్న స్థానం మారకపోతే అక్కర్లేదు. అదే స్థానంలో ఉపగ్రహం మారినా మీకు తెలియను కూడా తెలియదు. స్థానం మారితే మాత్రం తిప్పాలి. 2010 జులైలో 93.5 డిగ్రీల వద్ద ఉన్న ఇన్సాట్-4బీలో సౌర విద్యుత్ లోపం వచ్చి సగం ట్రాన్స్‌పాండర్లు ఆగిపోయాయి. కొన్ని చానళ్లు 91.5 డిగ్రీల దగ్గరున్న విదేశీ ఉపగ్రహానికి మారాయి. రెండు డిగ్రీలే కదా అని కొందరు సొంతంగా కాస్త నెట్టి, ఉన్న బొమ్మ కూడా పోగొట్టుకున్నారు. ఆకాశంలో రెండు డిగ్రీల తేడా విశాఖలో గొట్టం మీద దిక్కు తిప్పేసరికి దాదాపు ఐదు డిగ్రీలవుతుంది, ఉపగ్రహం మనకు అంత ఎత్తున ఉంటుంది కాబట్టి. ఎత్తు మార్పు ఒక్క డిగ్రీయే. ఈ లెక్క తెలియక నేనూ మొదటి రోజు ఎంవీపీ కాలనీలో ఒకే ఇంటి మీద గంటన్నర ఎండలో నిలబడ్డాను.

పొద్దున బొమ్మ బాగుండి సాయంత్రానికి చుక్కలు పడుతున్నాయి, డిష్ పాడైందా?

ఇంటి డీటీహెచ్ డిష్ అయితే కారణం వేరే వెతకండి: సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టిన, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ, వదులైన కనెక్టరు. ఆ గాలికి ఇక్కడ ఏ ఇనుమూ నిలవదు.

పెద్ద డిష్‌తో పాత ఉపగ్రహాన్ని పట్టే కేబుల్ ఆపరేటర్ అయితే అనుమానం ఉపగ్రహం మీద పెట్టవచ్చు. ఇంధనం ఆదా చేయడానికి ముసలి ఉపగ్రహాలను ఉత్తర దక్షిణాలకు పట్టి ఉంచడం మానేస్తారు. చంద్రుడు, సూర్యుడు లాగడం వల్ల కక్ష్య ఏడాదికి సుమారు 0.8 డిగ్రీల చొప్పున ఒరుగుతుంది. అలా ఒరిగినది రోజుకొకసారి ఆకాశంలో 8 అంకె గీస్తుంది. పన్నెండు అడుగుల సీ బ్యాండ్ డిష్ చూపు ఒకటిన్నర డిగ్రీల లోపే, కాబట్టి అది తప్పిపోతుంది. ఒకచోట మేము గొట్టం మీద ఎర్ర రంగుతో ఆరు గీతలు గీశాం, ఒక్కో గీత పక్కన సమయం రాశాం. కుర్రవాడు ఆ వేళకు మేడెక్కి మరను ఆ గీత దాకా తిప్పి దిగేవాడు. ఉపగ్రహం ఒక్కో గీతకు వచ్చే వేళ రోజూ నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది, ఆ లెక్క చూసుకుని నెలకోసారి సమయాలు దిద్దేవాళ్లం. ఒరుగుడు పెరుగుతూ పోవడంతో ఏడాది తిరక్కుండానే ఆ గీతలు సరిపోలేదు.

ఇలా ఒరిగిన ఉపగ్రహం ఇంటి డిష్‌లకు టీవీ ఇవ్వడానికి పనికిరాకపోయినా స్థానాన్ని నిలబెట్టడానికి పనికొస్తుంది.

వానొస్తే బొమ్మ పోవడానికి ముసలి ఉపగ్రహమే కారణమా?

కాదు. కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి. కొత్త ఉపగ్రహమైనా అంతే.

రాత్రి కైలాసగిరి మీద నుంచి ఆ ఉపగ్రహం కనిపిస్తుందా?

మామూలు కంటికి కనిపించదు. సాయంత్రం వేళ చుక్కలా పరిగెత్తేవి చాలా కింద తిరిగేవి. ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల దూరాన కదలకుండా నిలిచినదాన్ని చూడాలంటే మంచి టెలిస్కోపు కావాలి.

## చివరి రోజులు

ఇంధనం పూర్తిగా అయిపోతే కింద పడుతుందా?

పడదు, అంత ఎత్తులో గాలి లేదు. అదుపు తప్పి వలయంలోనే అటూ ఇటూ తిరుగుతుంది. వదిలేసినవన్నీ తూర్పు 75 డిగ్రీలు, పశ్చిమం 105 డిగ్రీల చుట్టూ ఊగుతుంటాయి, భూమి ఆకారం వల్ల. 75 డిగ్రీలంటే మన స్థానాలకు పక్క వీధి. అందుకే చివరి ఇంధనంతో దాదాపు 300 కిలోమీటర్లు పైకి, శ్మశాన కక్ష్యకు ఎక్కించి, మిగిలిన ఇంధనం ఖాళీ చేసి, విద్యుత్ ఆపేయాలి. 2007లో ప్రయోగించిన ఇన్సాట్-4బీని 2022 జనవరిలో వారం రోజుల్లో పదకొండు దఫాలుగా పైకి లేపి, దాదాపు 340 కిలోమీటర్ల పైన వదిలారు. స్థానం కాపాడుకునే ఆశతో ఈ చివరి ఇంధనాన్ని కూడా వాడేసుకునే ఆపరేటర్‌ను క్షమించకూడదు.

స్కూటరుకు పోసినట్టు మళ్లీ ఇంధనం పోయలేరా?

పోయడం ఇంకా మామూలు వ్యాపారం కాలేదు. కానీ మోసుకెళ్లే బండి వచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే నౌక శ్మశాన కక్ష్యలో ఉన్న ఇంటెల్‌శాట్-901కు వెనకనుంచి అతుక్కుని, దాన్ని కిందికి తెచ్చి మళ్లీ పనిలో పెట్టింది. మరుసటి ఏడాది ఎంఈవీ-2 ఇంకో ఉపగ్రహానికి అతుక్కుంది. ఐదేళ్ల తర్వాత 901ను మళ్లీ శ్మశాన కక్ష్యలో దించి వచ్చారు.

కాపలా పెట్టిన పాతదీ చచ్చిపోయి, కొత్తదీ రాకపోతే?

అప్పటి నుంచి మూడేళ్ల గడియారం మొదలవుతుంది. ఆ లోపు ఏదో ఒక ఉపగ్రహం అక్కడికి చేరి తొంభై రోజులు నిలవాలి. లేకపోతే పద్దు రద్దయి, అదే స్థానానికి తర్వాత దరఖాస్తు పెట్టిన దేశం వరుసలో ముందుకు వస్తుంది. మనం మళ్లీ కావాలనుకుంటే కొత్త దరఖాస్తుతో, వాళ్ల వెనక నిలబడాలి.